రూతమ్మ మోసిన నింద

పదేళ్లు దాటింది ఒక మాట నా గొంతులో అడ్డంపడి. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దాన్ని అలాగే పెట్టుకుని అన్నం తిన్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, శనివారాలు గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాను. షాపుకొచ్చిన వాళ్లతో నవ్వుతూ మాట్లాడాను. ఇన్నేళ్లూ నన్ను చూసినవాళ్లలో ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. తలుచుకుంటే నాకు దానికే ఎక్కువ భయం వేస్తుంది.

జరిగిందేమిటో ఇప్పుడు ఊళ్లో కొందరికి తెలుసు. నేనే చెప్పాను. కానీ అప్పుడు నా లోపల ఏముందో వాళ్లకు చెప్పలేకపోయాను. అది మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు. తెలిసినవాళ్ల ముందు కూర్చుంటే నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసి చెప్పుకుంటాను. అలా చెప్పుకోవడం నాకు బాగా వచ్చు. చదువుతుంటే ఎక్కడైనా నేను తప్పించుకుంటున్నట్టు మీకు అనిపిస్తే, తప్పించుకుంటున్నాననే అనుకోండి.

ఆళ్లగడ్డలో మాకు మందుల షాపు ఉంది. మా మామగారి కాలంలో అది కిరాణా అంగడి. నేను ఫార్మసీ చదివి కోడలిగా వచ్చాక మా ఆయన దాన్ని మందుల షాపుగా మార్చాడు. లైసెన్సు నా పేరు మీదే ఉంది. గల్లాపెట్టె దగ్గర ఆయన, మందులిచ్చే బల్ల దగ్గర నేను. అప్పట్లో రుద్రవరం, ఉయ్యాలవాడ వైపు చిన్న షాపులకు కూడా సరుకు వేసేవాళ్లం. ఆ సరుకు పెట్టుకోవడానికి ఊరి చివర ఒక రేకుల గోడౌను కట్టుకున్నాం. దాని వెనక ఒక పాత బావి ఉండేది. నీళ్లు అడుగంటిపోయి, చుట్టూ కంప పెరిగి, ఎవరూ తొంగిచూడని బావి. బావికి అవతల కొద్ది దూరంలోనే క్రైస్తవుల కాలనీ.

ఒక వానాకాలం గోడౌనులోకి నీళ్లొచ్చాయి. అడుగు వరసలో పెట్టెలన్నీ తడిసిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం మూర్ఛ మాత్రలు. ఫిట్సు వచ్చేవాళ్లు రోజూ వేసుకునేవి, పెద్ద డబ్బాల్లో విడిగా వచ్చేవి. చవగ్గా వస్తున్నాయని అవసరానికి మించి తెప్పించాం. తడిసిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోదు. పాడైన మందుల్ని పద్ధతిగా కాల్చేయడానికి వేరే బండ్లు వస్తాయి, వాళ్లకు అప్పజెప్పాలి. ఇది నాకు తెలుసు. చదువుకున్నాను. మా ఆయనకు తెలియదు. అందుకే నన్ను అడిగాడు.

"ఏం చేద్దామే వీటిని?"

"బావిలో పోస్తే పోలా" అన్నాను.

ఆ మాట నాదే. మా ఆయన మీదకు తోసేయొచ్చు, ఆయన ఇప్పుడు లేడు కాబట్టి కాదనడానికి కూడా రాడు. కానీ అది నాదే.

పట్టపగలే పోశాం. డబ్బాలు ఇంట్లో పనికొస్తాయని మూతలు తీసి మాత్రలన్నీ గోతాల్లోకి ఒంపాను. గోతాలు బావి గట్టు మీద పెట్టి కుమ్మరించాను. తెల్లటి మాత్రలు అడుగున బురదలో పడి వడగళ్లలా కనిపించాయి. చేతులు కడుక్కుని ఇంటికి పోయి వంట చేశాను. తప్పు చేసినట్టు నాకు ఏ కోశానా అనిపించలేదు. ఆ తర్వాత గడువు తీరిన సరుకు ఏది మిగిలినా ఆ బావిలోకే పోయింది. అలవాటైపోయింది. తప్పు అనేది ఇంత తేలిగ్గా, పొద్దుటి పనుల్లో ఒక పనిగా జరిగిపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక రూతమ్మ గురించి చెప్పాలి. ఇక్కడి నుంచే నాకు కష్టం.

రూతమ్మది ఆ కాలనీయే. అప్పటికి ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నా జాకెట్లు కూడా ఆమే కుట్టేది. చిన్నప్పటి నుంచి ఆమెకు మూర్ఛలు. మూర్ఛలొచ్చే పిల్లనని తెలిసీ ఏసేబు ఆమెను చేసుకున్నాడు. అతను దేవుళ్ల విగ్రహాలు చెక్కే షెడ్డులో రాయి నునుపు చేసేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచి మాత్రలు తప్పకుండా వేసుకుంటూ ఉండటంతో ఆమెకు మూర్ఛ రావడమే ఆగిపోయింది. కూతురు కృప పుట్టింది. నెలకోసారి పిల్లను చంకనేసుకుని షాపుకొచ్చేది. నేను మాత్రల కవరు చేతికిస్తే దాన్ని ఒక్క క్షణం గుండెకు ఆనించుకుని, పెదాలు కదిలించి, తర్వాత సంచిలో పెట్టుకునేది. నేను నవ్వేదాన్ని. "మందుకు కూడా ప్రార్థనేందే?" అంటే, "ఇది లేకుంటే నాకు కాపురమే లేదు కదక్కా" అనేది.

ఆ కాలనీలోనే పుట్టి పెరిగిన ఇంకొకాయన సుధాకర్ సార్. నంద్యాలలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. కుటుంబంతో నంద్యాలలోనే ఉన్నా ఆదివారం ఆదివారం చర్చికి ఇక్కడికే వచ్చేవాడు. మనం వేసుకునే మందులు మురుగులో కలిసి, కాలువల్లో కలిసి, తాగే నీళ్లలోకి ఎలా వస్తున్నాయి, వాటిని ఎలా తీసేయాలి అన్నది ఆయన పరిశోధన. అందుకోసం పత్తి కట్టెతో బొగ్గు చేసేవాడు. మన దగ్గర పత్తి తీసేశాక చేలల్లో కాల్చేసే కట్టెనే. దాన్ని గాలి తగలకుండా కాల్చి, ఏదో ఆమ్లంలో నానబెట్టి, మళ్లీ కాలిస్తే ఆ బొగ్గుకు కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు పడతాయట. నీళ్లు అందులోంచి పోయేటప్పుడు మందు ఆ రంధ్రాల గోడలకు అంటుకుని ఉండిపోతుందట.

"గోడకు సున్నం పట్టినట్టనుకోండమ్మా. గోడంతా నిండేదాకే పడతాది. నిండినాక ఇంక పట్టదు, మందు నీళ్లతో పాటే పోతాది" అని ఒకసారి మా బల్ల దగ్గర నిలబడి చెప్పాడు.

నాకు బాగానే అర్థమైంది. విషం తాగినవాళ్లకు ఆసుపత్రిలో బొగ్గుపొడి తాగించడం నాకు తెలిసిందే. ఆయన మాట్లాడే తీరు నాకు ఇష్టంగా ఉండేది. మా షాపులో ఆయనకు నా ఒక్కదానితోనే చదువు మాటలు. అందుకు లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆయన చాలాచోట్ల నీళ్లు పట్టి పరీక్షకు పంపాడు. నంద్యాల మురుగుకాలువల నీళ్లు, కాలువ నీళ్లు, పొలాల్లో నీళ్లు. వాటితో పోల్చి చూడటానికి శుభ్రమైన నీళ్లు కూడా కావాలి కదా. అందుకని చిన్నప్పటి నుంచి తాగి పెరిగిన తన కాలనీ బోరింగు నీళ్లు ఒక సీసా పట్టుకుపోయాడు.

మూర్ఛ మందు ఆ సీసాలో దొరికింది.

ఆ ఆదివారం ఆయన చర్చి నుంచి నేరుగా మా షాపుకు వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. సంగతి చెప్పాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. బావి నా కళ్ల ముందుకు వచ్చింది. తెల్లగా, వడగళ్లలా. ఆయన నన్ను అనుమానించలేదు. సలహా అడగడానికి వచ్చాడు. మూర్ఛ మాత్ర వేసుకుంటే అందులో ఎంత భాగం మార్పు లేకుండా ఒంట్లోంచి బయటికొస్తుంది, మీరు ఫార్మసీ చదివారు కదా, అని అడిగాడు.

చాలా తక్కువ వస్తుంది. ఎక్కువ భాగం కాలేయంలోనే మారిపోతుంది. పరీక్షల కోసం బట్టీ పట్టిన సంగతి, నాకు బాగా గుర్తుంది.

"చానా మటుకు అట్లే వచ్చేస్తాది సార్" అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో. భయంతో నోరు జారిందా? నోరు జారితే అంత చక్కగా, అంత నమ్మకంగా వస్తుందా ఆ మాట? లైసెన్సు పోతుందని, షాపు మూతపడుతుందని, కోమటోళ్లు కాలనీ నీళ్లలో విషం కలిపారని ఊరు ఊరంతా అంటుందని, ఇవన్నీ ఆ ఒక్క క్షణంలోనే నాకు తోచాయి. ఇన్ని తోచినదానికి, నా అబద్ధం ఎవరి మీద పోయి పడుతుందో తోచలేదా? కాలనీలో మూర్ఛ మాత్రలు వేసుకునేది ఒకే ఒక్క మనిషి. ఆ మాత్రలు నెలనెలా ఇచ్చేది నేనే. తోచింది. తోచిందనే అనుకుంటున్నాను.

సార్ ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ బోరింగు ఉన్నది రూతమ్మ ఇంటి పక్కన. వాళ్ల మరుగుదొడ్డి గుంత బోరింగుకు దగ్గర. నీళ్లలో ఫిట్సు మందు ఉందన్న మాట బయటికి పొక్కగానే కాలనీ ఆడవాళ్లు తమకు తామే లెక్క కట్టేసుకున్నారు. ఎవరూ ఆమెను నోరు తెరిచి తిట్టలేదు. బోరింగు దగ్గర బట్టలుతకొద్దన్నారు. ఆ మరుగుదొడ్డి వాడొద్దన్నారు. ఆమె బిందె పెడితే తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. చర్చిలో ఆమె కూర్చునే చాప మీద పక్కన చోటు ఖాళీగా ఉండటం మొదలైంది.

సార్ వాళ్లను కోప్పడ్డాడు. ఇది ఎవరి తప్పూ కాదు, నీళ్లను శుభ్రం చేసుకునే దారి నా దగ్గరుంది అన్నాడు. బోరింగు దగ్గర పెద్ద డ్రమ్ము పెట్టించి, అడుగున గులకరాళ్లు, పైన ఇసుక, మధ్యలో తను చేసిన బొగ్గు వేశాడు. డ్రమ్ము నేను కొనిచ్చాను. అవును, నేనే. చర్చిలో నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. పాస్టరు నా పేరు పెట్టి ప్రార్థన చేశాడు. చివరి వరసలో కృపను ఒళ్లో పెట్టుకుని రూతమ్మ కూర్చుని ఉంది. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు ఆమె కూడా కొట్టింది. శాలువా అంచు మీదుగా ఆమె చేతుల్నే చూస్తూ నిలబడ్డాను.

డ్రమ్ము మొదట్లో బాగానే పని చేసింది. కానీ సార్ అనుకున్నదానికన్నా చాలా ముందే బొగ్గు నిండిపోయింది. మళ్లీ కొత్త బొగ్గు వేశారు. అదీ అంతే. బొగ్గుకు కట్టె తెచ్చేది ఏసేబు. పగలంతా షెడ్డులో రాయి రుద్దీ రుద్దీ, పని దిగాక చేలల్లోకి పోయి పత్తి కట్టె పీకి మోపులు కట్టి నెత్తిన మోసుకొచ్చేవాడు. ఎవరూ అడగలేదు. తన పెళ్లాం చేసిన దానికి తనే ఏదో ఒకటి చేయాలని. ఆ మోపులతో మా షాపు ముందు నుంచే పోయేవాడు. నన్ను చూస్తే మోపు కిందనుంచే తల ఊపేవాడు.

సార్ ఒకరోజు తల పట్టుకున్నాడు. "ఒక్క మనిషి మాత్రలకు ఇంత బేగ నిండకూడదమ్మా. నా లెక్క యాడో తప్పుతాంది" అన్నాడు. ఆయన లెక్కకు పునాది నా అబద్ధం. అది పెట్టుకుని లెక్క కట్టినా సరిపోవడం లేదంటే నీళ్లలో ఎంత మందు ఉండి ఉండాలి! ఆయన తన లెక్కనే అనుమానించాడు, నన్ను అనుమానించలేదు. నేను మందుల పెట్టెలు సర్దుతూ ఉండిపోయాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. మా ఆయన భోజనానికి పోయాడు. షాపులో ఇంకెవరూ లేరు. పిల్లను కూడా తీసుకురాలేదు. నేను మాత్రలు తీసి కత్తెరతో అట్టలు కత్తిరిస్తున్నాను.

"అక్కా, ఒక మాట అడుగుతా. నిజం చెప్తావా?"

"అడుగు."

"నా మాత్రల వల్లనేనా కాలనీ నీళ్లు చెడిపోతాండేది?"

కత్తెర ఆగింది. "ఎవరన్నారే నీతో?"

"అందరూ అంటాండారు. సార్ అన్లే. మిగతావాళ్లంతా అంటాండారు. ఆళ్ల పిల్లోళ్లకు జరమొచ్చినా నా దిక్కే చూస్తాండారక్కా. మా ఆయన కట్టె మోసీ మోసీ మెడ నొస్తాందని పడుకుంటాండాడు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు కాదంటే కాదు. కాదని చెప్పు, పోయి చెప్పుకుంటా. అక్క చెప్పిందంటే ఇంటారు."

నువ్వు కాదంటే కాదు. ఇంతకన్నా తేలిక చేసి ఎవరైనా అడుగుతారా? కాదు అన్న రెండక్షరాలు చాలు. బావి గురించి చెప్పనక్కర్లేదు. గోడౌను గురించి చెప్పనక్కర్లేదు. 'కాదే పిచ్చిదానా, నీ మాత్రల్లోంచి పోయేది చిటికెడు కూడా ఉండదు' అని ఉంటే, అది నిజం కూడా అయ్యేది. కానీ ఆమెది కాకపోతే మరి ఎవరిది అని సార్ వెతకడం మొదలుపెడతాడు. ఆ ఆలోచన నా నోటికన్నా ముందు పోయి నిలబడింది.

"కొంచెం పోతాదిలే రూతమ్మా. ఏం చేస్తాం, మందు తినకుంటే ఎట్ల?"

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమే."

"అయితే పోతాది."

నేను మళ్లీ కత్తెర అందుకున్నాను.

"సరేలే అక్కా" అంది. కవరు తీసుకుంది. గుండెకు ఆనించుకోలేదు. మెట్లు దిగి, ఎండలో చెంగు నెత్తిన వేసుకుని పోయింది.

మరుసటి నెల ఆమె రాలేదు. నేను గమనించలేదని చెప్పను. గమనించాను. ఎవరి మాత్రలు ఎప్పుడు అయిపోతాయో నాకు నోటికి తెలిసి ఉంటుంది. ఉయ్యాలవాడలో పుట్టింటికి పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఏసేబు నంద్యాల పోయినప్పుడు అక్కడ తెచ్చి ఉంటాడులే అనుకున్నాను. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో మా షాపుకొచ్చే ప్రతి రోగికీ చెప్పేదాన్ని. ఒక్కపూట కూడా తప్పొద్దమ్మా అని వేలు చూపించి మరీ చెప్పేదాన్ని. కాలనీ ఎంత దూరం? ఎవరితోనైనా కబురు పంపొచ్చు. నేనే చీర సవరించుకుని పోయి రావచ్చు. పోలేదు. పోతే ఆమె మళ్లీ అదే మాట అడుగుతుందేమోనని. నా భయం అంతే. ఒక మనిషి ప్రాణం అవతల, నాకు కాసేపు మొహం చెల్లకపోవడం ఇవతల. నేను ఇవతలి పక్కనే చూసుకున్నాను.

బోరింగు దగ్గర ఉతకనివ్వడం లేదని రూతమ్మ బట్టలు కాలువకు తీసుకుపోయేది. ఒక పొద్దున అక్కడే ఆమెకు మూర్ఛ వచ్చింది. మిగతా ఆడవాళ్లు కాస్త ఎడంగా ఉతుక్కుంటున్నారు. బట్టలు కొట్టుకుపోతుంటే చూసి పరిగెత్తారట. మోకాళ్లలోతు నీళ్లు. బోర్లా పడి ఉందట. నేను విన్నది ఇంతే. ఎవరినీ ఇంకా అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆమెను మట్టి చేశాక ఏసేబు షాపుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కుట్టుమిషన్ సొరుగులో, దారపు రీళ్ల కింద దొరికాయని బల్ల మీద కుమ్మరించాడు. మాత్రల అట్టలు. ఒక్కటి కూడా చింపలేదు.

"ఇవి ఎందుకు తినలేదక్కా ఇది? నీకేమన్నా చెప్పిందా?"

"లేదప్పా. నాకేం చెప్పలే" అన్నాను.

అతను ఆ అట్టల్ని మళ్లీ కవరులో వేసుకున్నాడు. ఒక్కొక్కటిగా వేసుకున్నాడు. చూడలేక లోపలికి పోయాను.

సుధాకర్ సార్ సమాధుల దొడ్డి గేటు బయటే నిలబడిపోయాడట, లోపలికి రాలేదట. తర్వాత నాతో, "ఆ నీళ్లు నేను పట్టకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఆ డ్రమ్ము తీసేయించాడు. బొగ్గు పరిశోధన అక్కడితో వదిలేశాడు. పదేళ్లుగా ఆయన తన పరీక్షే ఒక ఆడపిల్లను చంపిందనుకుంటూ బతికాడు. నేను బతకనిచ్చాను.

మీకు మాత్రమే చెప్పేది ఇది. రూతమ్మ పోయాక నాకు పట్టుకున్న మొదటి బెంగ ఆమె గురించి కాదు. సార్ ఇంకొక్క సీసా నీళ్లు పట్టుకుపోతాడేమోనని. మాత్రలు తినే మనిషి లేదు, నీళ్లలో మందు అలాగే ఉంది. ఒక్క సీసాతో అంతా తేలిపోయేది. ప్రతి ఆదివారం ఆయన చేతుల వైపు చూసేదాన్ని, సీసా ఉందా అని. ఆయన పరిశోధన మానేశాడని తెలిసిన రోజు నా గుండె కుదుటపడింది. ఆ మనిషి కుప్పకూలిపోయినందుకు నాకు నిమ్మళం. దీన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తెలియదు.

ఆ తర్వాత బావిని మట్టితో పూడిపించాను. పాడైన మందులు పద్ధతిగా బండికిచ్చి పంపడం మొదలుపెట్టాను. అంతా సరిచేసినట్టే చేశాను, నిజం చెప్పడం ఒక్కటి తప్ప. కాలనీకి కుళాయిలు వచ్చాయి. బోరింగు నీళ్లు గొడ్లకు, గిన్నెలకు వాడుకుంటూనే ఉన్నారు.

ఇంతకాలం చెప్పనిదాన్ని ఇప్పుడెందుకు చెప్పాను? కృప వల్ల. ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. తల్లి పోలికే. ఈమధ్య ఒకరోజు జ్వరంతో కళ్లు ఎర్రబడి షాపుకొచ్చింది. నేను మాత్రలు ఇచ్చాను. పోకుండా నిలబడింది.

"పెద్దమ్మా, సగం ఏసుకుంటే సాలదా?"

"సగమెందుకే?"

"ఒంట్లో నుంచి నీళ్లల్లోకి పోతాది కదా. మా అమ్మ మాత్రలతోనే కదా మా కాలనీ నీళ్లు చెడిపోయింది."

ఎంతో మామూలుగా అంది. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట. వాళ్లమ్మ గురించి ఆ పిల్లకు తెలిసిన సంగతుల్లో అదొకటి. జాకెట్లు బాగా కుట్టేదట, పాటలు పాడేదట, నీళ్లు చెడగొట్టిందట.

మర్నాడు నంద్యాల బస్సెక్కాను. సుధాకర్ సార్ ఇంట్లోనే ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. నిలబడే చెప్పాను. బావి, గోతాలు, ఆయనకు చెప్పిన అబద్ధం, రూతమ్మకు చెప్పినది. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. నేను ఆపాక ఒక్కటే అడిగాడు.

"ఒంట్లో నుంచి అసలు ఎంతొస్తాదమ్మా? నిజంగా."

"చానా తక్కువ సార్."

ఆయన లేచి లోపలి గదిలోకి పోయాడు. ఎంతసేపు నిలబడ్డానో. ఆయన భార్య వంటింట్లోంచి అంతా విన్నట్టుంది. వచ్చి నా ముందు నిలబడింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మీరు పోండమ్మా" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు నిద్ర పట్టింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఆ ఇంట్లో ఆ మనిషిని అలా వదిలేసి వచ్చి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఇన్నేళ్లలో అంత నిద్ర ఎరగను. కండక్టరు వచ్చి, "ఆళ్లగడ్డ దిగమ్మా" అని లేపాడు.

ఇంటికి పోలేదు. కాలనీకి నడిచాను. ఏసేబు షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చేతుల నిండా రాతి పొడి. గుమ్మంలో కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. సార్‌కు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. చెంబు కింద పెట్టాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే నాకు తేలికయ్యేది. బహుశా అందుకే కొట్టలేదేమో.

"పాపా, ఇట్ల రా" అని లోపలికి కేకేశాడు. కృప పుస్తకం చేత్తో పట్టుకుని గడపలోకి వచ్చింది.

"మళ్లా చెప్పు" అన్నాడు నాతో. "పాప వినాల."

మళ్లీ చెప్పాను. నీళ్లలో మందు మీ అమ్మది కాదమ్మా, నాది అని. కృప నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే హక్కు కూడా నాకు లేదు.

"ఇంక రా" అని ఏసేబు లేచాడు. బోరింగు దాకా ముందు నడిచాడు. పొద్దు వాలుతోంది. ఆడవాళ్లు బిందెలతో, గిన్నెలతో ఉన్నారు. వాళ్లలో కొందరు అప్పటివాళ్లే. ఏసేబు చేత్తో వాళ్ల వైపు చూపించి ఊరుకున్నాడు.

అందంగా సర్ది చెప్పే మాటలు ఏవీ మిగల్లేదు నాకు. పాత బావిలో మూర్ఛ మాత్రలు పోసింది నేను, అది దాచడానికి రూతమ్మ మీద నింద పడనిచ్చింది నేను, ఆ నిందకు భయపడే ఆమె మాత్రలు మానేసింది, మానేస్తే చచ్చిపోతుందని తెలిసీ నేను ఊరుకున్నాను అని చెప్పాను. బోరింగు కొడుతున్నామె చెయ్యి ఆగిపోయింది. నా గొంతు వణకలేదు.